తొమ్మిది పట్టీలు

ఆ పొద్దున మబ్బు బందరు వైపు నుంచి కదిలి మా పొలాల మీదికొచ్చి ఆగిపోయింది. కురవలేదు. పోనూ లేదు. దాని కింద గాలి ఆడక, వరి ఊడ్చిన చేలల్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. అటువంటి రోజున ఎండ ఉండదు, దుమ్ము లేవదు. జీపును విజయవాడ తీసుకెళ్లడానికి మంచి రోజే అనుకున్నాను.

అన్నను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాను. మా అన్న పేరు మాణిక్యం. ధాన్యం బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తి లారీలో వేసిన మనిషి. ఎనిమిది నెలలుగా నడుం కింద నుంచి ఏమీ తెలియదు. ఇప్పుడు ఎత్తితే బస్తాలో సగం బరువు లేడు. జారిపోకుండా నడుం చుట్టూ పాత పంచె తిప్పి సీటుకి కట్టాను. కాళ్లు రెండూ లోపలికి పెట్టాను. అవి పెట్టినచోటే ఉన్నాయి.

"ఈయనెందుకయ్యా ఇప్పుడు?" అంది మా వదిన తెరేసమ్మ గుమ్మంలో నుంచి. "కమాన్లు ఊడదీయటానికి మేస్త్రీ ఉంటే చాలదా? పొద్దస్తమానం ఆ ఇనప కొట్టు ముందు ఎట్టా కూర్చుంటాడు?"

"నేనే వస్తానన్నాను," అన్నాడు అన్న. "ఆ పట్టీలు తీయటం చూడాలి నేను."

అంతకు మించి చెప్పలేదు. మా ఇంట్లో ఎవరమూ ఎక్కువ మాట్లాడం. ఇసక బస్తాలు రెండు వెనక వేయబోతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవి వద్దు. ఖాళీగానే పోనియ్."

జీపు సంగతి చెప్పాలి. తొంభై ఒకటి మోడలు కమాండర్, నీలం రంగు. గన్నవరంలో ఒక కాంట్రాక్టరు వాడి వాడి వదిలేస్తే, తొంభై అయిదులో అన్నా నేనూ కలిసి కొన్నాం. అన్న తన వాటాకి రెండు పాడి గేదెల్ని అమ్మాడు. పామర్రు నుంచి విజయవాడకి నేను లైన్లో తోలేవాణ్ణి. బస్సు కోసం ఆగలేని జనం ఎక్కేవాళ్లు. పది మంది పట్టే బండిలో పదహారు మంది. ఏడాది తిరిగేసరికి వెనక కమాన్లు చదునైపోయాయి. విల్లులా వంచిన ఇనప పట్టీల కట్టనే కమాను అంటాం. పొడుగు పట్టీ కింద పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది పేర్చి బిగిస్తారు. చక్రానికీ బండికీ మధ్య బరువు మోసేది అదే. మా బండికి వెనక ఒక్కో పక్క ఏడు పట్టీలు ఉండేవి. జనం నిండితే, గోతిలో పడ్డప్పుడల్లా టైరు బాడీకి రాసుకుని కాలిన రబ్బరు వాసన వచ్చేది.

తొంభై ఆరులో ఆటోనగర్‌లో అబ్దుల్ రవూఫ్ గారి కొట్టుకి తీసుకెళ్లాం. ఆయన బండి కింద దూరి చూసి, ఇంకొక్క పట్టీ వేస్తే చాలన్నారు.

"రెండు వెయ్యి సాయిబూ," అన్నాడు అన్న. "ఏడుకి రెండు, తొమ్మిది. మళ్లీ మళ్లీ రాలేం."

"ఏస్తా. నాదేం పోయింది?" అన్నారు రవూఫ్ గారు. "ఒక మాట మాత్రం ఇనండి. తొమ్మిది పట్టీలు బరువుంటేనే వంగుతాయి. ఖాళీగా తోలారా, అది బండి కాదు, రోకలి. లోపలున్నవాడి పళ్లూడతాయి."

"పళ్లూడినవాడికి టిక్కెట్టు తగ్గిస్తాంలే," అన్నాడు అన్న. అందరం నవ్వాం.

ఆ సంగతి లైన్లో తిరిగే డ్రైవర్లందరికీ తెలిసిందే. గట్టి కమాన్లు వేయించుకున్నవాళ్లు ఖాళీగా తిరిగి రావాల్సివస్తే వెనక ఇసక బస్తాలు పడేసుకునేవాళ్లు. బరువుకి కమాన్లు కూర్చుంటాయి, బండి మెత్తబడుతుంది. నా జీపులోనూ ఎప్పుడూ రెండు బస్తాలుండేవి.

పామర్రు దాటి బందరు రోడ్డు మీదికొచ్చాం. జీపు ప్రతి గతుకునీ లెక్కపెట్టినట్టు కొడుతోంది. అన్న ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఉయ్యూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఒక కల్వర్టు ఉంది. దాని దగ్గర రోడ్డు కుంగి, అవతల మెట్టులా లేస్తుంది. నేను బాగా నెమ్మదించాను. అయినా వెనక చక్రాలు ఎగిరి పడ్డాయి. అన్న తల కిటికీ చట్రానికి తగిలింది. మోకాళ్లు రెండూ ఒక పక్కకి ఒరిగిపోయాయి.

బండి ఆపి, దిగి, అటు వెళ్లి కాళ్లు సరిచేశాను.

"ఇక్కడేగా?" అన్నాడు.

"ఏంది?"

"ఏం లేదు. పోనియ్."

ఇక్కడే. నాకు తెలుసు. అతనికి తెలుసని నాకు తెలియదు.

కిందటి డిసెంబరులో బసవయ్య గారి చేలో కుప్ప వేస్తున్నారు. వరి కోసి, ఆరబెట్టి, పనలు కట్టి, గింజల వెన్ను లోపలికి వచ్చేటట్టు గుండ్రంగా పేర్చుకుంటూ పైకి పోవాలి. కింద పదకొండు మంది పనలు అందిస్తుంటే పైన నిలబడి పేర్చేది మా అన్న. మా చుట్టుపక్కల కుప్ప వేయాలంటే అతన్నే పిలిచేవాళ్లు. ఎంత వాన కురిసినా అతను వేసిన కుప్పలోకి చుక్క దిగేది కాదు. ఆ రోజు రెండు నిలువుల ఎత్తు లేచాక, మంచుకి తడిసిన పన మీద కాలు జారింది. గట్టు మీద వెల్లకిలా పడ్డాడు.

నేను జీపు వేసుకుని వెళ్లేసరికి గట్టు మీద అలాగే ఉన్నాడు. నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. కాళ్ల దగ్గర కూర్చుని, "అన్నా, వేళ్లు కదుపు," అన్నాను. కదిపాడు. రెండు కాళ్లవీ. బొటనవేళ్లు పైకి లేచి దిగడం నేను కళ్లారా చూశాను. దేవుడు దయ చూశాడనుకున్నాను.

పరుపు తెచ్చి జీపులో వేశాం. పరుపు పరవడానికి అడ్డమని ఇసక బస్తాలు రెండూ నేనే గట్టు మీదికి తోసేశాను. అన్నను పడుకోబెట్టగానే కుప్ప దగ్గరి పదకొండు మందీ ఎక్కేశారు. మావాళ్లు అంతే, ఒకరికి దెబ్బ తగిలితే అందరూ ఆసుపత్రికి వస్తారు. పక్క చెక్కల మీద, వెనక తలుపు మీద, అన్న చుట్టూ గొంతుకూర్చుని నిండిపోయారు. ముందు సీట్లో ముగ్గురు.

"దిగండి," అన్నాను. "మనిషికి గాలాడొద్దూ? దిగండి అందరూ."

"మేం లేకపోతే అక్కడ ఎవరు పట్టుకుంటారు జక్కయ్యా?" అన్నారెవరో.

"దిగమంటుంటే!"

దిగారు. వదిన ఒక్కతే ఎక్కింది. అన్నకి చోటు బాగా ఉండాలని, సుఖంగా పోవాలని బండి ఖాళీ చేశాను. అప్పటికి మూడేళ్లుగా ఆ బండి తోలుతున్నాను. ఖాళీ జీపు ఎట్లా కొడుతుందో మా ఊళ్లో నాకంటే తెలిసినవాడు లేడు. ఆ ఒక్క పూట నాకు అది తోచలేదు. తొందరలో గట్టిగా తోలాను.

కల్వర్టు దగ్గర జీపు ఎగిరి పడ్డప్పుడు అన్న ఒక్క కేక పెట్టాడు. ఆ తరవాత మూలుగు కూడా లేదు. కొంత దూరం పోయాక వెనక నుంచి వదిన అంది:

"నొప్పి తగ్గినట్టుంది జక్కయ్యా. నెమ్మదించాడు."

"హమ్మయ్య," అన్నాను నేను.

ఆసుపత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టాక డాక్టరు గారు సూదితో పాదాలు గుచ్చి చూశారు. తొడలు గుచ్చి చూశారు. ఎట్లా తెచ్చారన్నారు. జీపులోనన్నాను. చెక్క పలక మీద కట్టి తెచ్చారా అన్నారు. పరుపు మీదన్నాను. ఆయన పెదవి కొరికి, "పడ్డాక కాళ్లు కదిపాడా? ఎవరన్నా చూశారా?" అని అడిగారు.

కదిపాడంటే తరవాత అడిగేదేమిటో నాకు తెలుసు.

"చూడలేదండీ," అన్నాను.

అన్న కళ్లు మూసుకుని ఉన్నాడు.

పడ్డప్పుడే నరం తెగిందో, తెచ్చేటప్పుడు తెగిందో ఇప్పుడు తేల్చి చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆ మాటను పట్టుకునే ఎనిమిది నెలలు బతికాను. ఇప్పుడు పుండ్లు పడుతున్నాయని, పదిహేను రోజులకోసారి తీసుకురమ్మన్నారు. అందుకని, పెంచిన పట్టీలు తీయించేసి బండి మెత్తగా చేద్దామని బయలుదేరాను. చేసినదానికి అదొక సమాధానం అనుకున్నాను కాబోలు.

ఆటోనగర్ చేరేసరికి పదయింది. ఎటు విన్నా సుత్తి దెబ్బలే. రవూఫ్ గారి గడ్డం తెల్లబడింది. రేకుల కింద నిలబడి గ్లాసులో టీ తాగుతున్నారు.

"ఏందయ్యా జక్కయ్యా! మూడేళ్లయింది మొహం చూపించి. నా కమాన్లు అంత బాగా ఉన్నాయన్నమాట. ఇట్టాంటి పని చేస్తే నేను బతికేదెట్టా?" అన్నారు. ముందు సీటు వైపు చూసి, "ఏం మాణిక్యం, దొరలాగా కూర్చున్నావు, దిగవా?" అని నవ్వారు.

నేను అటు తిరిగి వెళ్లి, పంచె విప్పి, అన్నను ఎత్తుకున్నాను. కాళ్లు వేలాడాయి. రవూఫ్ గారు టీ గ్లాసు అట్లాగే పట్టుకుని ఉండిపోయారు. ఒక పాత లారీ సీటు గోడకి ఆనించి ఉంటే దాని మీద కూర్చోబెట్టాను.

"యా అల్లా," అన్నారాయన. "ఎప్పుడు?"

"కుప్ప మీద నుంచి పడ్డా," అన్నాడు అన్న. "నువ్వు పని కానియ్ సాయిబూ."

ఆయన జీపు వెనక భాగం జాకీ మీద లేపి, కింద దిమ్మలు పెట్టి, చక్రాలు తీశారు. యు-బోల్టుల మరలకి కిరసనాయిలు పోసి నానబెట్టి విప్పారు. కమాను కట్ట నేలమీదికి దిగింది. మధ్య బోల్టు తీయగానే పట్టీలు విడిపోయాయి. తొమ్మిదింటినీ పొడుగు నుంచి పొట్టికి వరసగా పేర్చారు. మధ్యలో తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. చివర్ల రబ్బరు బుష్‌లు నలిగి పిండైపోయాయి.

"పట్టీ మీద పట్టీ జారాలి," అన్నారు రవూఫ్ గారు, తుప్పు గీకుతూ. "ఇవి తుప్పుకి అతుక్కుపోయినయ్. ముందే తొమ్మిది, దాని మీద ఇదొకటి. ఏ రెండు తీయమంటారు? కొత్తవేగా?"

"ఒకటి చెప్పు సాయిబూ," అన్నాడు అన్న. "నేను పడ్డ రోజు ఈ జీపులోనే ఆసుపత్రికి తెచ్చారు."

"ఊఁ."

"ముగ్గురమే ఉన్నాం. తోలేవాడు, మా ఆవిడ, నేను."

గీకుతున్న రవూఫ్ గారి చెయ్యి ఆగింది. నా వైపు చూశారు. "వెనక ఇసక బస్తాలేమన్నా…"

"లేవు," అన్నాను.

ఆయన తల దించుకుని మళ్లీ గీకడం మొదలుపెట్టారు.

"పదకొండు మంది ఎక్కారు," అన్నాడు అన్న. "దించేశారు. వాళ్లుంటే బండి ఎట్టా ఉండేది?"

"నాకు ఎముకల సంగతి తెలవదు మాణిక్యం."

"ఎముకలు డాక్టర్ని అడిగాం. నిన్నడిగేది కమాన్లు."

పక్క కొట్టులో ఎవరో పట్టీని సుత్తితో వంచుతున్నారు. ఆ దెబ్బలు ఆగేదాకా రవూఫ్ గారు ఆగారు. తరవాత, అన్న మొహం చూడకుండా, "ఉయ్యాల్లాగా ఉండేది," అన్నారు.

అన్న తల ఊపాడు. కోపం లేదు ఆ మొహంలో. లెక్క సరిపోయినవాడిలా ఉన్నాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నేను వేళ్లు కదిపాను."

నేను నేల మీద పేర్చిన పట్టీల వైపు చూశాను.

"గట్టు మీద. నువ్వు కదపమన్నావు. కదిపాను. ఆసుపత్రిలో చూడలేదన్నావు. కళ్లు మూసుకున్నాను గాని చెవులు మూసుకోలేదురా నేను."

"డాక్టరు గారే తేల్చి చెప్పలేమన్నారుగా అన్నా. పడ్డప్పుడో, దారిలోనో…"

"ఆయన తేల్చలేడు. సాయిబు తేల్చలేడు. నేనూ తేల్చలేను. నువ్వు చూశావో లేదో, అది ఒక్కటే నువ్వు తేల్చగలవు."

నా చేతికి గ్రీజు అంటి ఉంది. దాన్ని పంచెకి తుడుచుకున్నాను. మళ్లీ తుడుచుకున్నాను.

"చూశాను," అన్నాను.

"రెండు కాళ్లవీనా?"

"రెండు కాళ్లవీ."

"ఎనిమిది నెలలు పట్టింది నీకు," అన్నాడు. "రోజూ పొద్దున నన్ను ఎత్తి దించేటప్పుడు ఇవాళ చెప్తావు, ఇవాళ చెప్తావు అనుకున్నాను. తలుపులూ కిటికీలూ లెక్కపెట్టుకుంటా ఎదురుచూశాను. దాని బదులు పట్టీలు తీయిస్తానన్నావు."

రవూఫ్ గారు లేచి, అవసరం లేకపోయినా వెళ్లి గ్రీజు డబ్బా తెచ్చుకున్నారు.

"సాయిబూ," అన్నాడు అన్న, "ఆ రెండూ తీసేస్తే పదహారు మంది పడతారా?"

"పది మంది. పన్నెండు అంటే మళ్లీ టైరు రాసుకుంటది."

"పది మంది మీద రెండిళ్లు గడవవు. వాడిల్లు, నా ఇల్లు. తీయొద్దు. తొమ్మిదీ బిగించు."

"అన్నా, మరి నిన్నెట్టా తీసుకెళ్లేది?" అన్నాను.

"జనంతో పాటు. నేను ఎక్కినప్పుడు ఎవర్నీ దించకు."

రవూఫ్ గారు మధ్యాహ్నం దాకా పని చేశారు. పట్టీలన్నీ మెరిసేదాకా గీకి, మధ్యలో గ్రీజు పూసి, కొత్త బుష్‌లు కొట్టి, కొత్త మధ్య బోల్టు వేసి బిగించారు. షాక్ అబ్జార్బర్లు మార్చారు. తొమ్మిదికి తొమ్మిదీ పైకెక్కాయి. మధ్యలో ఇంటి నుంచి వాళ్లావిడ ఖుర్షీదా గారు పంపిన క్యారియరు వచ్చింది. తినమన్నారు. అన్న వద్దన్నాడు. ఇంటి దగ్గర వదిన చేసుంటుందన్నాడు. అన్నను ఎత్తి సీట్లో పెట్టేటప్పుడు కాళ్లు రవూఫ్ గారే పట్టుకున్నారు. పొద్దున దొరలాగా కూర్చున్నావని తాను అన్న మాట ఆయనకి గుర్తున్నట్టుంది. తలెత్తలేదు.

బెంజి సర్కిలు నుంచి వచ్చే జనం ఆటోనగర్ గేటు దగ్గరే చెయ్యెత్తారు. అయిదుగురు ఎక్కారు. పెనమలూరులో ముగ్గురు. కంకిపాడులో నలుగురు, రెండు యూరియా బస్తాలతో. మబ్బు ఇంకా అట్లాగే ఉంది. ఉయ్యూరు సెంటర్లో తలుపు పట్టుకుని వేలాడేవాళ్లు ఇద్దరు. ఒకావిడ కూతురింటి నుంచి స్టీలు గిన్నెలో చేపల పులుసు తీసుకుని, గిన్నె మీద తువ్వాలు కట్టి పట్టుకొచ్చింది. వెనక చోటు లేక ముందుకొచ్చింది.

"కాళ్లు కాస్త అటు జరుపు బాబూ," అంది అన్నతో.

అన్న రెండు చేతులతో ఒక మోకాలు పట్టుకుని ఎత్తి అటు పెట్టాడు. తరవాత రెండోది ఎత్తి అటు పెట్టాడు. ఆవిడ చూసింది. ఒదిగి కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుంది.

"అబ్బాయ్, నెమ్మదిగా పోనియ్. పులుసు ఒలికిద్ది," అంది నాతో.

"ఒలికితే కోక పిండుకుని కూట్లో కలుపుకుందువుగాన్లే," అన్నాడు వెనక నుంచి ఒకతను.

"నీ నోరు పడ! నీ ఇంటికి రమ్మంటన్నానా?"

జీపంతా నవ్వింది. అన్న నవ్వలేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు.

కల్వర్టు కనిపించింది. బ్రేకు తొక్కాలని కాలికి తోచలేదు. అన్న కూడా కమ్మీ పట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు చక్రాలు దిగి లేచాయి. వెనక చక్రాలు దిగాయి, లేచాయి. పదిహేను మందీ ఒక్కసారి కిందికి పోయి పైకి వచ్చారు, కాలవలో పడవ ఊగినట్టు. అంతే. కల్వర్టు వెనక్కి పోయింది.

ఆవిడ తువ్వాలు అంచు ఎత్తి లోపలికి చూసుకుంది.

"చుక్క ఒలకలేదు," అంది. "బండంటే ఇట్టా ఉండాల. ఏం మెత్తగా పోతందో తల్లీ."

అన్న ఒకసారి నా చేతుల వైపు చూశాడు, స్టీరింగు మీద. మొహం వైపు చూడలేదు. పామర్రులో జనం దిగిపోయారు. మా ఊరి మట్టిరోడ్డు మీద ఖాళీ జీపు మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. నేను మొదటి గేరులోనే తోలాను.

వదిన ఎదురొచ్చింది.

"తీయించారా?"

"లేదు," అన్నాడు అన్న.

నా వైపు చూసింది. నేను అన్నను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి మంచం మీద గోడకి ఆనించి కూర్చోబెట్టాను.

"మరి బండి? మెత్తగానే ఉందా?" అంది వదిన.

ఆవిడ కాసేపు నిలబడి, వంటింట్లోకి వెళ్లింది. ఎండు రొయ్యలు వేసిన గోంగూర, అన్నం తెచ్చింది. అన్న కంచం మంచం పక్క పీట మీద పెట్టింది. వెళ్లబోతున్న నాకు కూడా కంచం పెట్టింది. నేను అన్న చూపు కోసం ఆగాను. అతను అన్నం కలుపుకుంటూ, నేల మీద నా కంచం వైపు గడ్డంతో చూపించాడు. కూర్చున్నాను. వదిన కూడా తన కంచం తెచ్చుకుంది.

అన్న కాళ్లు మంచం అంచు మీద నుంచి నా భుజం పక్కన వేలాడుతున్నాయి. తినేటప్పుడు నా భుజం ఒక పాదానికి తగిలింది. జరగలేదు నేను. అతనికి తెలియలేదు. అన్న మారు అన్నం పెట్టించుకున్నాడు. వదిన మజ్జిగ పోసింది. కంచాలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురం తిన్నాం.